ఒక్కదాన్నే చెయ్యాల్సిన పనులు

దుఃఖమొస్తే తలుపేసుకుని కాసేపు ఒంటరిగా కూర్చోవచ్చన్న సంగతి మా మేడ్చల్‌కు ఇంకా అందని రోజులవి. అందినా మా ఇంట్లో పనికొచ్చేది కాదు, ఎందుకంటే మా రెండు గదులకూ మధ్య ఉన్నది తలుపు కాదు, అమ్మ పాత చీర చింపి కుట్టిన పరదా. ఇప్పటి పిల్లలు "నాకు కొంచెం స్పేస్ కావాలి" అని నిమ్మళంగా అంటుంటే ముచ్చటేస్తుంది. ఆ మాట అప్పట్లో మా అవ్వతో అని ఉంటే మంచం మీద ఇంకొంచెం పక్కకు జరిగి, "రా బిడ్డా, కూసో" అనేది. అలాంటి ఇంట్లో, నా ఇరవై మూడో ఏట, దాదాపు వారం రోజులు పూర్తిగా ఒంటరిగా దుఃఖపడాలని నేను గట్టి ప్రయత్నం చేశాను. ఆ ప్రయత్నంలో మా ఇంటిల్లిపాదీ, ఇంటి ఓనరమ్మా, శామీర్‌పేట చెరువుకట్ట మీద ఓ ముప్పై మందీ పాల్గొన్నారు.

నేనప్పుడు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. గోలీలు సరైన బరువున్నాయా, నీళ్ళలో సరైన సమయానికి కరుగుతున్నాయా అని చూసి రిజిస్టర్లో రాయడం నా పని. నాయిన స్కూలు బస్సు డ్రైవరు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. అవ్వ, అంటే నాయిన తల్లి, ఎవరేం చేస్తున్నారో చూసేది (మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన ఉద్యోగం అదే, సెలవుల్లేవు). ఆ ఏడు నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి సుచిత్ర దగ్గర ఏదో ఆఫీసులో పనిచేసేవాడు. ఎప్పుడొచ్చినా మడత నలగని తెల్ల చొక్కాతో వచ్చేవాడు కాబట్టి అవ్వ అతనికి 'తెల్లంగి' అని పేరు పెట్టింది. రెండు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నాం. నేను నవ్వితే బాగుంటుందన్నాడు. పెళ్లయ్యాక శామీర్‌పేట చెరువు దగ్గరికి తీసుకుపోతానన్నాడు. (పక్కనే ఉన్న చెరువుకు తీసుకుపోవడానికి పెళ్లి దాకా ఎందుకాగాలో నాకు తోచలేదు. ఆ వయసులో అలాంటివి తోచవు.)

మా చర్చిలో పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ పెళ్లి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపండి అని. మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు చదివారు, ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఆదివారం చదివారు, అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాతి శనివారం వాళ్ళింటి నుంచి ఫోనొచ్చింది. అబ్బాయికి ఇంకా చదువుకోవాలని ఉందట. చర్చిలో ఒక్కరికీ లేని అభ్యంతరం పెళ్లికొడుక్కే వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి చదువు మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో ఈనాటికీ నాకు తెలియదు. నాయిన ఫోన్లో అంతా విని "సరే" అన్నాడు. అంతే. ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. నా వైపు కన్నెత్తి చూడలేదు. తెల్లంగి చేసినదానికంటే ఆ "సరే" నాకు ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు, మూడో ఆదివారం, అయ్యగారు స్త్రీల కూటం గురించి చదివి, యువజనుల కూటం గురించి చదివి, ఒక్క క్షణం ఆగి, కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. ఆ ఒక్క క్షణంలో ఆడవాళ్ల వరసల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎవరో జాలిగా దగ్గారు. జాలిగా దగ్గడం కూడా సాధ్యమేనని నాకు అప్పుడే తెలిసింది.

సోమవారం ల్యాబులో ఒక గాజు గొట్టం పగలగొట్టాను. మంగళవారం ఇంకొకటి. మూడోది చేతిలోకి తీసుకోగానే మా ఇంచార్జి మెల్లిగా దాన్ని లాక్కుని, నన్ను ఫస్ట్ ఎయిడ్ గదికి పంపాడు. అక్కడుండే నర్సును అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. గోదావరి వైపు మనిషి, సుచిత్ర దగ్గర కొత్త కాలనీలో ఉండేది. "ఏంటమ్మాయ్, చెయ్యి తెగిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరేం తెగింది?" అంది. ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. బల్ల మీద తల పెట్టి అరగంట ఏడ్చాను. ఆవిడ దూది ఇస్తూ కూర్చుంది, ఆఖరికి సొరుగులోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. పైన పెద్ద అక్షరాలతో 'మనసు భరించలేనంత బరువెక్కినప్పుడు ఒంటరిగా చేయదగిన పనులు' అని ఉంది. "ఆమధ్య శిక్షణకెళితే ఇచ్చారు. రోజుకొకటి చేసి చూడు. ఎవర్నీ కలుపుకోకు సుమా, ఒక్కదానివే చెయ్యాలి. అప్పటికీ బరువు దిగకపోతే మొహమాటపడకుండా నా దగ్గరికి రా, డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను" అంది. నేను ల్యాబు మనిషిని కదా, ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొని గళ్ళు గీశాను. తేదీ, సమయం, చేసిన పని, గమనించినది, ఫలితం. ఫలితం కింద 'పాస్' లేక 'ఫెయిల్' అని రాయాలి. దుఃఖాన్ని నీళ్ళలో వేసి ఎంతసేపట్లో కరుగుతుందో గడియారం చూసి రాసుకోవచ్చనే నా నమ్మకం.

మొదటిది దీర్ఘశ్వాస. నాలుగు అంకెలు లెక్కపెట్టే దాకా గాలి పీల్చి, నాలుగంకెలు బిగబట్టి, మెల్లగా వదలాలి. పరదా వెనక కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఐదోసారి వదులుతుండగా గుండె మీద చల్లగా ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే అవ్వ నాకు బామ్ రాస్తోంది. "దమ్మొస్తాంది పిల్లకు! ఓ కోడలా, జల్ది రా, నీళ్ళు కాగబెట్టు!" అని కేక. నాకేం కాలేదు, ఊపిరి పీలుస్తున్నానంతే అంటే, "ఊపిరి అందరం పీలుస్తం, గంత సప్పుడు ఎవరు జేస్తరే?" అంది. అమ్మ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో తెల్లంగి పేరు వచ్చేసరికి అవ్వ ఏడ్చింది, అవ్వను చూసి అమ్మ ఏడ్చింది, వాళ్ళిద్దరినీ ఓదార్చడంతో నా అన్నం వేళ దాటిపోయింది. ఫలితం: ఫెయిల్.

రెండోది ఇష్టమైన పాట పెట్టుకుని మనసారా ఒళ్ళు కదిలించడం. బుధవారం అమ్మా అవ్వా కూరగాయలకు వెళ్ళడం చూసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, జుట్టు విప్పి, నిజంగానే మనసారా ఊగాను. నాకు వినిపిస్తున్న పాట బయటివాళ్ళకు వినిపించదని తోచలేదు. పెరుగు తోడు కోసం వచ్చిన ఓనరమ్మ కిటికీలోంచి చూసి, చెంబు అక్కడే పడేసి, సందు చివర అవ్వకు ఎదురుపోయింది. నేను ఇయర్‌ఫోన్లు తీసేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. "ఓ అత్తా, పోరికి ఎవరొచ్చిండ్రో అడుగుర్రి. పోచమ్మనా, ఎల్లమ్మనా?" అని ఓనరమ్మ చేతులు జోడించింది. "మేము చర్చికి వోయేటోళ్ళం గదనే, మా ఇంటికెందుకొస్తరు?" అంది అవ్వ. "అమ్మవారికి గవన్ని ఉంటయా ఏంది!" అని ఓనరమ్మ తనింట్లోకి పరుగెత్తి పసుపునీళ్ళు తెచ్చి నా నెత్తిన చల్లింది. అవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, "కానియ్యి, ఎవరి దిక్కుకెల్లి మంచైనా మంచే" అని ఊరుకుంది. నోటుబుక్కులో ఆ రోజు పేజీ మీద ఇప్పటికీ పసుపు మరకలున్నాయి.

మూడోది చెప్పదలచుకున్నదంతా ఉత్తరంగా రాసి చింపేయడం. గురువారం రాశాను. వెతికితే ఇంట్లో దొరికింది నా పాత సండేస్కూలు నోటుబుక్కే, అందులోని కాగితాల మీదే రాశాను. నాలుగు పేజీలు. మొదటి రెండింటిలో మర్యాదగా ఉన్నాను, మూడో పేజీ నుంచి లేను. రాసి, ముక్కలు ముక్కలుగా చింపి, చెత్తబుట్టలో వేశాను. నిజం చెప్పాలంటే కాస్త తేలికగానే అనిపించి 'పాస్' అని రాసుకున్నాను. అయితే మా అవ్వకు చదువు రాదు గానీ ఆ నోటుబుక్కు తెలుసు, అందులో వాక్యాలు ఉంటాయని తెలుసు. దేవుని వాక్యం చెత్తబుట్టలో కనిపించేసరికి ఆమె ప్రాణం విలవిలలాడింది. ముక్కలన్నీ కొంగులో ఏరుకుని, అన్నం మెతుకులతో ఒక పాత క్యాలెండరు వెనక అతికించింది. అక్షరం రాదు కాబట్టి ఏ ముక్క ఎక్కడ పట్టిందో అక్కడ అతికించింది. అతికించి, చదివి పెట్టమని నాయినకిచ్చింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

శుక్రవారం సాయంత్రం నాలుగో పని, అరగంట ఒంటరి నడక. మేడ్చల్ స్టేషన్ రోడ్డు వైపు నడుస్తుంటే ఎవడో తలంతా కప్పే హెల్మెట్ పెట్టుకుని, బండి మీద నా వెనకాలే, నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా వస్తున్నాడు. నేను ఆగితే ఆగుతున్నాడు. రాయి తీసుకున్నాను. వాడు పక్కనున్న హోటలు బోర్డు వైపు తిరిగి దాన్ని శ్రద్ధగా చదవసాగాడు. ఇంటికి పరుగున వచ్చి, ఆయాసపడుతూ, అప్పుడే వచ్చిన నాయినతో చెప్పాను. "ఎవడో నా ఎంబడి పడుతుండు నాయినా." నాయిన తల వంచుకుని చాలాసేపు చెప్పుల పట్టీ సర్దుకున్నాడు. "నేను జూస్కుంట తియ్" అన్నాడు. ఆ రోజూ అంతే, ఒక్క ముక్క. ఈ మనిషికి నా గురించి బొత్తిగా పట్టలేదని నిశ్చయించుకుని ఆ రాత్రి పస్తు పడుకున్నాను.

ఆదివారం తలనొప్పి అని చర్చికి పోలేదు. నాలుగో ఆదివారం కూడా ఆ జాలి దగ్గు వినే ఓపిక లేదు. ఇంట్లోవాళ్ళు వెళ్ళగానే కాగితం బ్యాగులో పెట్టుకుని, షేరాటో ఎక్కి శామీర్‌పేట చెరువుకు పోయాను. కాగితంలో ఐదోది ఏమిటంటే, నీళ్ళున్న చోటో చెట్లున్న చోటో ఒంటరిగా కూర్చుని, కనిపించే ఐదు వస్తువులు, వినిపించే నాలుగు శబ్దాలు, ముట్టుకోగలిగే మూడు వస్తువులు మనసులో చెప్పుకోవాలి. అతను తీసుకుపోతానన్న చోటికి నేనే పోతే ఏమవుతుందో చూద్దామన్న పంతం కూడా కొంత ఉంది. కట్ట మీద కూర్చున్నాను. కొంగలు, పడవ, అవతలి గట్టున గొర్రెలు, మక్కకంకులు కాల్చే ఆవిడ, ఆవిడ విసనకర్ర, ఐదు. శబ్దాలు నాలుగు అయ్యాయి. మూడు ముట్టుకోవాలి. రాయి ముట్టుకున్నాను, గడ్డి ముట్టుకున్నాను, ఇక నీళ్ళు. చెప్పులు విడిచి, పక్కన బ్యాగు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా కాగితం మీద చిన్న రాయి పెట్టి, రాళ్ళ మీదుగా నీళ్ళ వైపు దిగాను. చెప్పులు, బ్యాగు, రాయి కింద కాగితం, నీళ్ళలోకి దిగుతున్న పిల్ల. చూసేవాళ్ళకు ఇది ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో అర నిమిషం పట్టింది.

"ఓ పోరీ! ఆగే! నీకేం కష్టమొచ్చిందే!" అని అరుపు, వెనకనుంచి నా జడ బిగుసుకుంది. మక్కకంకులావిడ. "ఇడువమ్మా, నేను నీళ్ళు ముట్టుకుంటున్న, గంతే!" అన్నాను. "గట్లనే అంటరు! మొదలు ముట్టుకునుడే!" అని నన్ను జడతో సహా పైకి లాగింది. అప్పటికి జనం చేరారు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. ఎవరో మా అమ్మానాన్నలను తిట్టారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి రాయి తీసి కాగితం విప్పి, గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా, "మనసు భరించలేనంత బరువెక్కినప్పుడు..." అని చదివేసరికి ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన మరింత బరువుగా, "ఒకటి. నాలుగంకెలు లెక్కించేవరకు గాలి పీల్చండి" అన్నాడు. కొంగులు కొంచెం కిందికి దిగాయి. "రెండు. ఇష్టమైన పాట..." అని ఆగిపోయి కాగితం వెనక్కి తిప్పి చూశాడు. మక్కకంకులావిడ నా జడ వదల్లేదు. "సావు చీటీ గాదా ఇది?" అంది. "కాదమ్మా, ఏందో ఎక్సర్‌సైజులున్నట్టుంది" అన్నాడు ఆయన, కొంచెం నిరుత్సాహంగా.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఆ హెల్మెట్ మనిషి వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. వచ్చి నా ముందు కూలబడి, రెండు చేతులతో నా పాదాలు పట్టుకుని, "బిడ్డా!" అన్నాడు. హెల్మెట్ లోపలినుంచి ఆ మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది, కానీ గొంతు నాకు తెలుసు. అది స్కూలు వాచ్‌మన్‌ను అడిగి తెచ్చుకున్న హెల్మెట్. బండి కూడా అతనిదే. పట్టీ ఇరుక్కుపోయి ఊడిరావడం లేదు. నాయిన లాగుతున్నాడు, ఏడుస్తున్నాడు, లోపల అద్దం ఆవిరి పట్టి నేను కనిపించక అద్దాన్ని బయటినుంచి తుడుచుకుంటున్నాడు. "నీకేమన్నయితే నేనెట్ల బతకాలె?" అంటున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత, మొదటిసారి, ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయాను, ఎక్కడ జారానో తెలియలేదు. మక్కకంకులావిడ నిమ్మకాయలు కోసే కత్తితో పట్టీ కోసి నాయిన ముఖాన్ని బయటికి తీసింది. "తండ్రీబిడ్డలేనా? మంచిగున్నరు ఇద్దరికి ఇద్దరు" అని, రెండు కంకులు చేతిలో పెట్టి, జనాన్ని తరిమేసింది.

కట్ట మీద పక్కపక్కన కూర్చున్నాం. నాయిన జేబులోంచి నాలుగు మడతల క్యాలెండరు కాగితం తీశాడు. ఎండిన మెతుకుల మధ్య నా అక్షరాలు. 'శామీర్‌పేట చెరువుకు', ఆ పక్కన 'నేనొక్కదాన్నే పోత', కింద వంకరగా 'ఇగ నాకేం భయం లేదు'. నేను రాసింది ధైర్యంగానే. నువ్వు రాకపోతే ఏం, నేనొక్కదాన్నే పోతా, నాకేం భయం అని. అవ్వ అతికింపులో అది ఇంకోలా తయారైంది. "గురువారం నుంచి నాకు కంటి మీద కునుకు లేదే" అన్నాడు నాయిన. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య జీడిమెట్ల వచ్చి మా కంపెనీ గేటు ఎదుట నిలబడ్డాడట. ఆ ఉదయం చర్చిలో మొదటి పాట కాకముందే లేచి వచ్చేశాడట.

"మరి నన్నే అడగకపోతివి?" అన్నాను.

"ఏమని అడుగుదు?"

"ఆ రోజు గూడ ఏమనకపోతివి నాయినా. సరే అని ఫోన్ పెట్టేస్తివి. నా దిక్కు గూడ సూడకపోతివి."

నాయిన కంకి గింజలు ఒక్కొక్కటే ఒలవసాగాడు. "నీ మొకం జూస్తే ఏడుస్తనేమో అని భయమైంది బిడ్డా. గందుకే బయటికి వోయిన."

"యాడికి?"

"బస్సు కాడికి. వోయి కడిగిన." ఇంకో గింజ ఒలిచి, "ఆ రోజుకెల్లి దినాం కడుగుతున్న. పొద్దుగాల ఐదు గంటలకు. ఆని పని గుంజుకుంటున్న అని క్లీనర్ నా మీద అలిగిండు. పిల్లలైతే, కొత్త బస్సు కొన్నరా అంకుల్, అని అడుగుతున్నరు" అన్నాడు.

ఎనిమిది రోజులుగా మా ఇంట్లో ఒంటరిగా దుఃఖపడడం చేతనైన మనిషి ఒకరున్నారనీ, ఆయన ఏ కాగితం లేకుండానే ఆ పని చేసుకుంటున్నాడనీ నాకు తట్టనే లేదు.

మర్నాడు తెల్లవారుజామున నేనూ లేచి ఆయన వెంట స్కూలు ఆవరణకు పోయాను. నాయిన వద్దనలేదు. నాకొక బకెట్టు, గుడ్డ ఇచ్చాడు. "ముందటి సగం నాది, ఎనక సగం నీది. ముచ్చట పెట్టొద్దు" అన్నాడు. చెరో వైపు కడిగాం. వెనక చక్రం మీది బురద తోముతుంటే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి చప్పుడు చేస్తూనే ఏడ్చాను. అటువైపు గుడ్డ రుద్దే శబ్దం ఆగిపోయింది. నాయిన వస్తాడేమో అనుకున్నాను. రాలేదు. కాసేపటికి పైపు పూర్తిగా విప్పి నీళ్ళు బస్సు మీదికి గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు, నా ఏడుపు ఎవరికీ వినపడనంత మోత చేస్తూ. నేను ఏడుపు ఆపేదాకా ఆ పైపు కట్టెయ్యలేదు. అప్పటికి బస్సును నాలుగుసార్లు కడగడానికి సరిపడా నీళ్ళు పోయాయి.

రెండు వారాలు అలా కడిగాం. నేను చెప్తే విని, ఆ పనిని సిస్టరమ్మ తన కాగితం అడుగున పెన్నుతో రాసుకుంది. చర్చికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను, దగ్గులు వాటంతటవే తగ్గాయి. కొన్నేళ్లకు వేరే అబ్బాయితో పెళ్లయింది, సాఫీగా జరిగింది కాబట్టి చెప్పడానికేమీ లేదు. ఇప్పటికీ మనసు బాగోలేని రోజు నేను స్కూటరు బయటికి తీసి, మాట్లాడకుండా తుడుస్తూ కూర్చుంటాను. మా ఆయన కాసేపు దూరంగా తిరిగి, ఇక తుడవడానికేమీ మిగల్లేదని తెలిశాకే వచ్చి, "ఇగ ఏమైందో జెప్తవా?" అంటాడు. చెప్తాను. ఒక్కోసారి చెప్పను, అదీ పర్వాలేదు. అలాంటప్పుడు ఇరవై మూడేళ్ల ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంతమంది చూస్తుండగా దుఃఖపడాల్సి రావడమే తన దురదృష్టమనుకుంది, చూసేవాళ్ళే లేకపోతే ఎలా ఉంటుందో దానికేం తెలుసు. పాపం, ఏడవడం కూడా పద్ధతి ప్రకారం చెయ్యాలనుకుంది.